వైఫై పేరే కనిపించట్లేదా? కొత్త రౌటర్ కొనే ముందు ఇవి చూసుకోండి

ముందు ఒకటి తేల్చుకోండి, పోయింది నెట్టా, వైఫై పేరా. రెండూ వేరే వేరే రోగాలు, కానీ ఇంట్లో అందరూ "వైఫై రావట్లేదు" అనే ఒక్క మాటే అంటారు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా అదే చెప్తారు, వాళ్ళేమో లైన్ చూసి "మా వైపు అంతా ఓకే సార్" అని కంప్లైంట్ క్లోజ్ చేసేస్తారు. ఫోన్‌లో మీ వైఫై పేరు కనిపించి, కనెక్ట్ కూడా అయ్యి, కింద ఇంటర్నెట్ లేదు అని వస్తుంటే అది లైన్ ప్రాబ్లమ్. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంట్ తగిలి మనుషులు పోయాక సిటీలో స్తంభాల మీద కేబుల్స్ కోసేశారు కదా, అప్పుడు చాలా ఏరియాల్లో అయ్యింది ఇదే, రౌటర్లు శుభ్రంగా వైఫై ఇస్తూనే ఉన్నాయి, వెనకాల ఫైబరే లేదు. అలాంటప్పుడు బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న లైట్ ఎర్రగా వెలుగుతుంది, మనం చేసేదేం లేదు, కేబుల్ అన్న వచ్చి అతికించాల్సిందే.

నేను చెప్పేది రెండో రకం గురించి. బాక్స్ ఆన్‌లోనే ఉంది, ఎర్ర లైట్ లేదు, వైరు పెట్టిన టీవీకో కంప్యూటర్‌కో నెట్ కూడా వస్తుంది, కానీ ఫోన్‌లో వైఫై లిస్ట్ తీస్తే పక్క ఫ్లాట్ వాళ్ళది ఉంటది, పై ఫ్లోర్ వాళ్ళది ఉంటది, కింద హాస్టల్ వాళ్ళవి నాలుగుంటాయి, మనది మాత్రం ఉండదు.

ఇక్కడ చాలామంది ఫస్ట్ చేసే పని పిన్నీసు తీసుకుని రీసెట్ బొక్కలో గుచ్చడం. దయచేసి అది చివరికి ఉంచుకోండి, ఎందుకో కింద చెప్తా.

మొదట ఇంట్లో ఉన్న ఇంకో రెండు ఫోన్లలో చూడండి. ఒక్క దాంట్లోనే కనిపించకపోతే రౌటర్ జోలికే పోవద్దు, ఆ ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేయండి, రీస్టార్ట్ చేయండి, సగం సార్లు అక్కడే అయిపోతుంది. ఇంకోటి, లిస్ట్‌లో కొత్త పేరు ఏదైనా వచ్చిందేమో చూడండి, కంపెనీ పేరు పక్కన ఏవో అంకెలు అక్షరాలు కలిసి ఉంటాయి అలాంటిది. కంపెనీ వాళ్ళు దూరం నుంచే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తుంటారు, కొన్నిసార్లు ఆ దెబ్బకి మీరు పెట్టుకున్న పేరు ఎగిరిపోయి ఫ్యాక్టరీ పేరు వచ్చేస్తుంది. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద పేరూ పాస్‌వర్డూ ఉంటాయి, దాంతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

మన హైదరాబాద్‌లో మస్తు కామన్‌గా ఉండే కేసు ఒకటుంది, అమెరికా నుంచి అన్నయ్యో బావో తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్. ఇంట్లో అన్ని ఫోన్లకీ వైఫై వస్తుంది, దానికి మాత్రం పేరే కనపడదు, అది కూడా రోజూ కాదు, ఒకరోజు వస్తుంది ఒకరోజు రాదు. సంగతేంటంటే వైఫై సిగ్నల్ మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వస్తుంది, ఒక్కో బ్యాండ్‌లో ఛానెల్స్ అని దారులుంటాయి, 2.4 లో ఇక్కడ 1 నుంచి 13 వరకు వాడుకోవచ్చు, అమెరికా వాళ్ళ కోసం చేసిన మెషీన్లు మామూలుగా 11 దగ్గరే ఆగిపోతాయి. రౌటర్‌లో ఛానెల్ ఆటోలో ఉంటే అది ఖాళీగా ఉందని ఏ 12నో 13నో పట్టుకుంటుంది, కూకట్‌పల్లి, అమీర్‌పేట లాంటి చోట్ల ఒక్కో అపార్ట్‌మెంట్‌లో అన్ని రౌటర్లు ఉంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది. ఆ రోజు ల్యాప్‌టాప్‌కి మీ వైఫై లేనట్టే. రౌటర్ సెట్టింగ్స్‌లో (అక్కడికి ఎలా వెళ్ళాలో కింద చెప్తా) ఛానెల్ ఆటో తీసేసి 1, 6, 11 లో ఏదో ఒకటి ఫిక్స్ చేయండి, అయిపోతుంది.

పాత ల్యాప్‌టాప్‌లకి ఇంకో తంటా కూడా ఉంది. కొత్తగా వైఫై 6 రౌటర్ పెట్టించుకున్నాక పేరు మాయమైతే, ఆ ల్యాప్‌టాప్‌లో వైఫై డ్రైవర్ పాతది అయ్యుండొచ్చు. పాత ఇంటెల్ కార్డులు కొన్ని పాత డ్రైవర్‌తో ఉంటే వైఫై 6 నెట్‌వర్క్‌ని చూడనే చూడవు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే కనిపిస్తుంది, అది కుదరకపోతే రౌటర్‌లో 2.4 బ్యాండ్‌కి ఏఎక్స్ మోడ్, అంటే వైఫై 6 మోడ్, ఆపేసినా చాలు.

సరే, ఇంట్లో ఏ ఫోన్‌లోనూ కనిపించట్లేదు అనుకుందాం. ఇప్పుడు బాక్స్ దగ్గరికెళ్ళి లైట్లు చూడండి. వైఫై గుర్తు గానీ, డబ్ల్యూల్యాన్ అని గానీ, 2.4జీ, 5జీ అని గానీ రాసుంటాయి. అవి అసలు వెలగకపోతే రేడియో, అంటే లోపల వైఫై సిగ్నల్ పంపే భాగం, ఆఫ్ అయ్యింది అని అర్థం. వెంటనే బాక్స్ పక్కలకీ వెనక్కీ చూడండి, చిన్న వైఫై బటన్ ఉంటుంది, కొన్నిట్లో డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కనెక్ట్ చేసేది) పక్కనే, కొన్నిట్లో రెంటికీ కలిపి ఒకటే బటన్. పనమ్మాయి గుడ్డతో తుడిచినప్పుడో, పిల్లాడు చెయ్యి పెట్టినప్పుడో అది నొక్కుకుపోతుంది, వైఫై ఆగిపోతుంది, మిగతా లైట్లన్నీ మామూలుగానే ఉంటాయి కాబట్టి ఎవ్వరికీ డౌట్ రాదు. ఒకసారి నొక్కి వదిలి అర నిమిషం ఆగండి, రాకపోతే ఇంకోసారి ఐదారు సెకన్లు పట్టుకోండి. అడుగున లోతుగా సూది బెజ్జం లాంటిది ఉంటే అది రీసెట్, దాన్ని ముట్టుకోవద్దు.

బటన్ కాదంటే నా అనుమానం నేరుగా అడాప్టర్ మీదికే పోతుంది, నేను చూసినవాటిలో ఎక్కువ దొరికేది అక్కడే. లైట్లు వెలుగుతున్నాయి కదా అడాప్టర్ బానే ఉంది అనుకుంటారు జనం. లైట్లు వెలగడానికి పెద్దగా కరెంట్ అక్కర్లేదు, రేడియో మొదలయ్యేటప్పుడే ఎక్కువ లాగుతుంది. ముసలైపోయిన అడాప్టర్ అక్కడ చేతులెత్తేస్తుంది. దీన్ని కళ్ళతో పట్టుకోవచ్చు, స్విచ్ ఆపి వేసి బాక్స్ ముందు కూర్చుని చూడండి: పవర్ లైట్ వస్తుంది, తర్వాత ఫైబర్ లైట్ మినుకు మినుకుమని నిలబడుతుంది, ఆ తర్వాత వైఫై లైట్ వచ్చీ రాగానే అన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతాయి, లేకపోతే వైఫై లైట్ ఒకసారి వెలిగి ఆరిపోయి ఇక రాదు. ఇలా అయితే అడాప్టర్ మీద గట్టిగా అనుమానపడొచ్చు. మల్టీమీటర్ ఉన్నవాళ్ళు కూడా మోసపోతారు ఇక్కడ, పిన్ బయటకి తీసి చూస్తే శుభ్రంగా 12 వోల్టులు చూపిస్తుంది, బాక్స్‌కి పెట్టి లోడ్ మీద ఉన్నప్పుడు చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది.

మినీ యూపీఎస్ మీద రౌటర్ నడిపిస్తున్నవాళ్ళు, అంటే సిటీలో ఇప్పుడు చాలామందే, ముందు దాన్ని పక్కకి తీసి రౌటర్‌ని నేరుగా గోడ ప్లగ్‌కి పెట్టి చూడండి. లోపల బ్యాటరీ పాడైతే ఇదే కథ. కొన్ని యూపీఎస్‌లకి 9 వోల్టులది, 12 వోల్టులది రెండు పిన్నులు ఉంటాయి, తుడిచి మళ్ళీ పెట్టేటప్పుడు మారిపోతే బాక్స్ సగం ప్రాణంతో నడుస్తుంది.

కొత్త అడాప్టర్ కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఈజీగా దొరుకుతుంది. పాతది చేతిలో పట్టుకుని పోండి, ఉత్తగా "రౌటర్ అడాప్టర్ ఇవ్వన్నా" అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. వోల్టులు అచ్చం అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ అస్సలు వద్దు, అంటే 12 వోల్టులు 1.5 ఆంపియర్లు అని ఉంటే 2 ఆంపియర్లది పర్లేదు, 1 ఆంపియర్‌ది వద్దు. పిన్ సైజూ, ప్లస్ మైనస్ బొమ్మా కూడా పాతదాంతో కలవాలి.

ఎండాకాలంలో అయితే వేడి సంగతి కూడా చూడాలి. ఏప్రిల్ మే లో మధ్యాహ్నం పూట వైఫై పోయి రాత్రికి దానంతటదే వస్తుందంటే, రౌటర్ టీవీ యూనిట్ లోపలో, సెట్‌టాప్ బాక్స్ నెత్తి మీదో ఉందేమో చూడండి. బయటికి తీసి గాలి తగిలే చోట నిలబెట్టండి, చాలు, దానికి ప్రత్యేకంగా ఫ్యాన్లు కొనక్కర్లేదు.

ఇవేవీ కాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలి, కానీ వైఫైయే లేదు కాబట్టి ల్యాన్ కేబుల్, అంటే రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే నెట్ వైరు, కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి చాలావాటికి ఆ పోర్టే ఉండదు, యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కి మార్చే ముక్క ఒకటి దొరుకుతుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి కూడా అది పనిచేస్తుంది, మొబైల్ డేటా మాత్రం ఆపేయండి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి, కొన్నిటికి 192.168.0.1, జియో ఫైబర్‌కి అయితే 192.168.29.1. లాగిన్ వివరాలు స్టిక్కర్ మీద ఉంటాయి. మీ కంపెనీ యాప్‌లో వైఫై ఆన్ ఆఫ్ ఆప్షన్ ఉంటే ఈ కేబుల్ గొడవే లేదు, ముందు అక్కడ చూడండి.

లోపలికెళ్ళాక వైర్‌లెస్ పేజీలో చూసేవి కొన్నే. రేడియో ఎనేబుల్ అని టిక్ ఉందా, 2.4 కీ 5 కీ విడివిడిగా ఉంటుంది. హైడ్ ఎస్ఎస్ఐడీ (ఎస్ఎస్ఐడీ అంటే వైఫై పేరే) అని టిక్ పడిందా, పడితే వైఫై నడుస్తూనే ఉంటుంది కానీ పేరు ఎవ్వరికీ కనపడదు, పేరు దాస్తే సెక్యూరిటీ అనుకుని ఎవరో చేసుంటారు, దానివల్ల వచ్చే సెక్యూరిటీ ఏం లేదు, తీసేయండి. పేరు తెలుగులో పెట్టాలని ముచ్చటపడి ఉంటే అదీ ఒకసారి చూసుకోండి, పేరుకి 32 బైట్లే చోటు, తెలుగులో ఒక్కో అక్షరానికీ ఒక్కో గుణింతానికీ 3 పోతాయి, శ్రీనివాస నిలయం అని పెడితే పట్టదు.

తర్వాత షెడ్యూల్. పిల్లలు రాత్రిళ్ళు ఫోన్ చూడకుండా 11 నుంచి పొద్దున 6 దాకా వైఫై ఆగేలా పెట్టుకుంటారు కొందరు, మంచిదే, కానీ రౌటర్ గడియారం మన టైమ్‌లో లేకపోతే? టైమ్‌జోన్ ప్లస్ 5:30 పెట్టకుండా గ్రీన్‌విచ్‌లో వదిలేస్తే దాని రాత్రి 11 మనకి తెల్లారి 4:30, దాని 6 మనకి పొద్దున 11:30. అంటే పిల్లలు రాత్రి 1 వరకు హాయిగా రీల్స్ చూస్తారు, పొద్దున 9 కి మీ ఆఫీస్ కాల్ టైమ్‌కి వైఫై ఉండదు. రోజూ ఒకే టైమ్‌కి పోయి ఒకే టైమ్‌కి వస్తుందంటే కళ్ళు మూసుకుని షెడ్యూల్ చూడండి.

5 గిగాహెర్ట్జ్ పేరు ఒక్కటే పోతుంటే ఛానెల్ చూడండి. 52 నుంచి 144 వరకు ఉండే ఛానెల్స్ రాడార్లతో పంచుకునేవి, రౌటర్ ఆ ఛానెల్ మీదికి వెళ్ళే ముందు కనీసం ఒక నిమిషం వినాలి, అందుకే రీస్టార్ట్ చేయగానే 5 పేరు రాదు, కంగారుపడకండి. మధ్యలో రాడార్ లాంటిది వినిపిస్తే ఆ ఛానెల్ వదిలేసి అరగంట దాకా దాని మొహం చూడకూడదు. మంచి రౌటర్ వేరే ఛానెల్‌కి మారిపోతుంది, కొన్ని చవక బాక్సులు 5 నే ఆపేసి కూర్చుంటాయి. 36 నుంచి 48 లోపు గానీ 149 నుంచి 161 లోపు గానీ ఫిక్స్ చేస్తే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు రీసెట్. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఎన్నిసార్లైనా ఆపి వేసుకోండి, ఏం పోదు. బెజ్జంలో పది సెకన్లు గుచ్చితే మాత్రం లోపల ఉన్న కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (కంపెనీ వాళ్ళు లైన్ కోసం పెట్టే నంబర్) అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, వైఫై పేరు వస్తుంది కానీ నెట్ పోతుంది, కొన్ని కంపెనీల బాక్సులు వాటంతటవే తెచ్చుకుంటాయి, లోకల్ కేబుల్ వాళ్ళ దగ్గర తీసుకున్న బాక్సులైతే మళ్ళీ మనిషి వచ్చి కొట్టాల్సిందే, అదీ శనివారం సాయంత్రం అయితే ఇక సోమవారం దాకా మొబైల్ డేటాయే. అందుకే రీసెట్‌కి ముందు సెట్టింగ్స్‌లో ఈ వివరాలుండే వ్యాన్ (ఇంటర్నెట్ లైన్) పేజీని ఫోన్‌తో ఫోటో తీసిపెట్టుకోండి, పాస్‌వర్డ్ చుక్కల్లో ఉంటుంది కాబట్టి అది కంపెనీ వాళ్ళని అడిగి రాసుకోండి.

రీసెట్ తర్వాత కూడా సెట్టింగ్స్‌లో ఎనేబుల్ అనే ఉండి లైట్ వెలగకపోతే రేడియో చిప్ పోయినట్టే, పిడుగులు పడ్డ రోజో కరెంట్ ఎక్కువ వచ్చిన రోజో ఇలా అవుతుంటుంది. రిపేర్ షాపుల చుట్టూ తిరగడం దండగ అంటాను నేను. బాక్స్ కంపెనీదే అయితే కస్టమర్ కేర్‌తో "వైఫై రావట్లేదు" అనకుండా ఇలా చెప్పండి: "ల్యాన్ కేబుల్‌లో నెట్ వస్తుంది, డబ్ల్యూల్యాన్ లైట్ వెలగట్లేదు, సెట్టింగ్స్‌లో ఎనేబుల్‌లోనే ఉంది, అడాప్టర్ మార్చి చూశాం, బాక్స్ మార్చాలి." ఇలా అంటే రీస్టార్ట్ చేశారా సార్ అనే దగ్గరే ఆగిపోకుండా మనిషిని పంపిస్తారు.

అప్పటిదాకా, అసలు శాశ్వతంగా కూడా, అటక మీద పాత రౌటర్ ఉంటే దించండి. మెయిన్ బాక్స్‌కి కేబుల్‌తో కలిపితే వైఫై అదే ఇస్తుంది. దాంట్లో ఇందుకోసమే ఉండే యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టేయడమే. లేకపోతే దాని అడ్రస్ 192.168.1.2 లాగా మెయిన్ బాక్స్‌కి పక్కది పెట్టి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని, అది మెయిన్ బాక్స్ చూసుకుంటుంది) ఆపేసి, మెయిన్ బాక్స్ ల్యాన్ పోర్ట్ నుంచి దీని ల్యాన్ పోర్ట్‌కి కేబుల్ వేయండి, వ్యాన్ పోర్ట్‌లో పెట్టకండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ టైప్ మూడూ పాతవే అచ్చంగా కొట్టండి, పెద్దక్షరం చిన్నక్షరం కూడా తేడా రాకుండా, అప్పుడు టీవీ, సీసీ కెమెరా, అత్తయ్య ఫోన్ ఏదీ మళ్ళీ కనెక్ట్ చేసే పని లేకుండా వాటంతటవే ఎక్కేస్తాయి.