దావో గ్రంథాలను గుర్తుపట్టడం – 5వ పాఠం: ఏ గ్రంథం ఏ శాఖది?

పోయిన పాఠం చివర దావోజాంగ్ (చైనా దావో మత గ్రంథాల భాండారం) నుంచి నాలుగు గ్రంథాల పేర్లిచ్చి, ఏది ఏ శాఖదో రాయమన్నాను. జవాబులు చాలానే వచ్చాయి. కానీ దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడ్డారు. "దురెన్ జింగ్ దోంగ్‌జెన్ విభాగంలో ఉంది కాబట్టి షాంగ్‌ఛింగ్ శాఖ", "హ్వాంగ్‌తింగ్ నేజింగ్ దోంగ్‌ష్వాన్‌లో ఉంది కాబట్టి లింగ్‌బావ్", ఇలా నాలుగింటికీ నాలుగు "కాబట్టి"లు. నాలుగూ తప్పే. అందుకని ఈసారి మొదలుపెడదామనుకున్న రక్షరేకుల పాఠాన్ని పక్కన పెట్టాను. ఇది తేల్చుకోకుండా ముందుకు వెళ్తే రేపు ప్రతి రక్షరేకు దగ్గరా ఇదే తికమక వస్తుంది.

4వ పాఠంలో మూడు గుహల లెక్క, అంటే ఆ భాండారంలోని మూడు ప్రధాన విభాగాల లెక్క, చూశాం. దోంగ్‌జెన్ అంటే షాంగ్‌ఛింగ్ గ్రంథాలు, దోంగ్‌ష్వాన్ అంటే లింగ్‌బావ్ గ్రంథాలు, దోంగ్‌షెన్ అంటే సాన్‌హ్వాంగ్ గ్రంథాలు. ఆ లెక్క సరైనదే, కానీ అది 5వ శతాబ్దపు లెక్క. లూ షియూజింగ్ అనే దావో పండితుడు 471లో తన గ్రంథాల పట్టికను రాజాస్థానానికి సమర్పించేనాటికి ఆ మూడు గుహల్లో అవే ఉన్నాయి. ఆ తర్వాతి శతాబ్దంలో తైష్వాన్, తైపింగ్, తైఛింగ్, జెంగ్‌యీ అనే నాలుగు అనుబంధాలు వచ్చి చేరాయి. అక్కడి నుంచి మీ చేతిలో ఉన్న దావోజాంగ్ దాకా దాదాపు వెయ్యేళ్ళ దూరం. ఈ మధ్యలో సోంగ్ రాజులు అచ్చువేయించిన భాండారం పోయింది. 1244లో ఛ్వాన్‌జెన్ అనే శాఖవాళ్ళు మళ్ళీ కూడగట్టారు. 1281లో కుబ్లాయ్ ఖాన్ దావో దే జింగ్ ఒక్కటి తప్ప మిగతావన్నీ తగలబెట్టమన్నాడు. చివరికి మింగ్ రాజుల కాలంలో, 1445లో, మిగిలినవన్నీ పోగేసి 480 పెట్టెల్లో 5,305 జువాన్లుగా, అంటే గ్రంథ భాగాలుగా, అచ్చువేశారు. 1607లో ఇంకొన్ని కలిపారు.

ఆ మింగ్ సంపాదకులు పాత విభాగాల పేర్లను అలాగే ఉంచారు. కానీ ఆ విభాగాల్లో పెట్టాల్సినవి మాత్రం లూ షియూజింగ్ కాలానికి పుట్టని శాఖలవి కూడా. 12వ శతాబ్దంలో వచ్చిన ఛ్వాన్‌జెన్‌కు సొంత విభాగమంటూ లేదు. పిడుగు సేనానులను ఆజ్ఞాపించే పిడుగు విధులకూ లేదు. పాతవాటిలో కూడా బోలెడన్ని చోటు మారిపోయాయి. హార్లిక్స్ సీసాలో చింతపండు ఉన్న ఇంట్లో వంట చేసేవాళ్ళు సీసా మీద కాగితం చూసి చెయ్యి పెట్టరు, మూత తీసి చూస్తారు. దావోజాంగ్ దగ్గర మనం చెయ్యాల్సిన పనీ అదే.

ఇది నాకు ఎందుకింత పట్టింపో మీ నాలుగు గ్రంథాల మీదే చూపిస్తాను.

దురెన్ జింగ్ మొత్తం భాండారంలో మొట్టమొదటి గ్రంథం. దోంగ్‌జెన్ విభాగం దానితోనే మొదలవుతుంది. అయినా అది లింగ్‌బావ్ శాఖకు గుండెకాయ లాంటి గ్రంథం. దాని పూర్తి పేరే "లింగ్‌బావ్" అని మొదలవుతుంది. పేరు చదివి కూడా విభాగాన్నే నమ్మినవాళ్ళున్నారు.

హ్వాంగ్‌తింగ్ నేజింగ్ దోంగ్‌ష్వాన్ విభాగంలో ఉంది. కానీ తెరవగానే మొదటి మాటే "షాంగ్‌ఛింగ్". ఇది ముమ్మాటికీ షాంగ్‌ఛింగ్ గ్రంథమే.

న్యూఛింగ్ గ్వేల్యూ, అంటే దయ్యాల చట్టం, దోంగ్‌షెన్ విభాగంలో నియమాల వర్గం కింద ఉంది. చట్టం అనే మాట చూసి అక్కడ చేర్చి ఉంటారు. లోపల మాత్రం దయ్యాలు విచ్చలవిడిగా తిరుగుతుంటే తైషాంగ్ దాదావ్ అనే పరమ దైవం చూడలేక, వాటి పేర్లూ ఇంటిపేర్లూ రాసిన ఈ చట్టాన్ని జాంగ్ దావ్‌లింగ్ చేతికి ఇచ్చాడని ఉంటుంది. జాంగ్ దావ్‌లింగ్ పేరు వచ్చాక ఇంక అనుమానం ఎందుకు? ఇది ఆయన మొదలుపెట్టిన తియన్‌షీ శాఖ తొలినాళ్ళది.

నాలుగోది సులింగ్ జింగ్. దీని పూర్తి పేరు "దోంగ్‌జెన్" అని మొదలవుతుంది, ఉన్నది జెంగ్‌యీ విభాగంలో, శాఖ షాంగ్‌ఛింగ్. అంటే ఇక్కడ పేరు నిజం చెబుతోంది, విభాగం చెప్పడం లేదు. జెంగ్‌యీ అన్నది తియన్‌షీ శాఖకు ఇంకో పేరే అయినా, ఆ విభాగంలో షాంగ్‌ఛింగ్ గ్రంథాలు ఇలా గుట్టగా ఉన్నాయి. అందుకే "జెంగ్‌యీలో ఉంది కాబట్టి తియన్‌షీ" అని రాస్తే మార్కులు పడవు.

విభాగం పేరు దొరికిన దగ్గర ఆలోచన ఆగిపోతుంది. మనల్ని దెబ్బతీస్తున్నది అదే. ఇకనుంచి కొత్త గ్రంథం తీసుకుంటే విభాగం పేరునూ, వీలైతే గ్రంథం పేరునూ కాగితంతో కప్పేయండి. నేనయితే చివరి పేజీలు ముందు చదువుతాను. గ్రంథాన్ని ఎవరికి ఇవ్వాలి, ఏ ప్రమాణం చేయించుకుని ఇవ్వాలి అన్నది చాలావాటిలో అక్కడే ఉంటుంది. ముందుమాటలు, వ్యాఖ్యానాలు ఆఖరున చూస్తాను, ఎందుకంటే అవి చాలాసార్లు వేరే కాలంవి, వేరే శాఖవాళ్ళవి. ఇక మూల పాఠంలో చూడాల్సినవి: ఎవరు ఎవరికి చెబుతున్నారు, సాధకుణ్ణి ఏం చెయ్యమంటున్నారు, ఫలం ఎవరికి దక్కుతుంది.

తియన్‌షీ గ్రంథాల్లో పని అంతా ప్రభుత్వ కచేరీ పద్ధతిలో నడుస్తుంది. జబ్బు చేస్తే తప్పు ఒప్పుకుంటూ మూడు ప్రతులు రాస్తారు. ఆకాశానికి రాసినది కొండ మీద పెడతారు, భూమికి రాసినది పాతిపెడతారు, నీటికి రాసినది నీళ్ళలో ముంచుతారు. పూజారి పని అర్జీ రాసి పై దఫ్తరుకు పంపడం. ఆయన అధికారం ఆయన దగ్గరున్న జాబితాను బట్టి ఉంటుంది. అందులో ఆయన మాట వినాల్సిన దివ్య సేనానుల పేర్లుంటాయి. చిన్నపిల్లలకు ఒక్క సేనానితో మొదలై 10, 75, 150 వరకు పెరుగుతుంది. బలులు ఉండవు. దేవుళ్ళు తినరు తాగరు, గురువు డబ్బు తీసుకోడు అన్నది వాళ్ళ ఒడంబడిక. అర్జీ, జాబితా, నేరం, క్షమాపణ అన్న మాటలు కుప్పగా కనబడితే తియన్‌షీ వైపు మొగ్గవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. "జి జి రు ల్యూ లింగ్", అంటే చట్టప్రకారం తక్షణం జరగాలి అన్న ముగింపు వాక్యాన్ని చూసి శాఖ చెప్పకండి. అది హాన్ కాలపు ప్రభుత్వ పత్రాల భాష. తర్వాత అన్ని శాఖలవాళ్ళూ వాడారు. తైషాంగ్ లావోజున్, అంటే దేవుడైన లావోజీ, పేరూ అంతే, ఎక్కడైనా కనిపిస్తుంది.

షాంగ్‌ఛింగ్ గ్రంథంలో సాధకుడు ఒంటరి. 364 నుంచి 370 మధ్య యాంగ్ షీ అనే సాధకుడి దగ్గరికి సిద్ధపురుషులూ, చనిపోయి అప్పటికి 30 ఏళ్ళయిన వే హ్వాత్సున్ అనే సాధ్వీ రాత్రిపూట దిగివచ్చి చెప్పినవి ఈ శాఖకు మూలం. హ్వాంగ్‌తింగ్ నేజింగ్ చూడండి. ఏడేసి అక్షరాల పాదాలు. జుట్టుకో దేవత, ఆ దేవత పేరు త్సాంగ్‌హ్వా. మెదడుకు జింగ్‌గెన్, కళ్ళకు మింగ్‌షాంగ్, గుండెకు దాన్‌యువాన్, ఊపిరితిత్తులకు హావ్‌హ్వా. ఒక్కో దేవతకు పేరుతో పాటు మారుపేరూ ఇస్తుంది. సాధకుడు కళ్ళు మూసుకుని ఆ దేవతను తన ఒంట్లో ఆ చోటనే నిలిపి చూడాలి. పదివేల సార్లు చదివినవాడు మూడు స్వర్గాలకు ఎక్కుతాడని అదే చెబుతుంది. ఎక్కేది చదివినవాడు. ఊరికీ, ప్రజలకూ ఇందులో చోటు లేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ శాఖ గ్రంథాలే, అందుకే ఉదాహరణలు ఇక్కడి నుంచే ఎక్కువ ఇస్తుంటాను.

దీని పక్కన దురెన్ జింగ్ మొదటి జువాన్ పెట్టి చదవండి, తేడా ఇట్టే తెలుస్తుంది. చెప్పేవాడు యువాన్‌షీ తియన్‌జున్ అనే దేవుడు. వినేవాళ్ళు దేవతలే కాదు, ఒక దేశం దేశమంతా. గ్రంథాన్ని ఆయన పదిసార్లు చదువుతాడు. మొదటిసారికి చెవిటివాళ్ళకు వినబడుతుంది. రెండోసారికి గుడ్డివాళ్ళకు కనబడుతుంది. మూడోసారికి మూగవాళ్ళు మాట్లాడతారు, నాలుగోసారికి కుంటివాళ్ళు లేచి నడుస్తారు. ఆరోసారికి నెరిసిన జుట్టు నల్లబడి, ఊడిన పళ్ళు మళ్ళీ వస్తాయి. ఎనిమిదోసారికి ఆడవాళ్ళే కాదు, పక్షులూ జంతువులూ గర్భం ధరిస్తాయి. పదోసారికి ఎండిన ఎముకలు మనుషులై లేస్తాయి. సన్నటి వానలా, దట్టమైన మంచులా జనం వచ్చిపడితే సగం దేశం నిండిపోయి నేల ఒకవైపుకు కుంగిపోతుంది. అప్పుడాయన కొర్రగింజంత మణిని నేలకు యాభై అడుగుల ఎత్తులో గాలిలో నిలిపి అందరినీ అందులోకి పిలుస్తాడు. అంతమంది ఆ గింజలోకి వెళ్ళాక నేల మళ్ళీ సమంగా నిలుస్తుంది. ఫలం అందరిదీ. లింగ్‌బావ్‌ను గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు. బౌద్ధం ఛాయ కూడా ఇక్కడే ఎక్కువ.

ఈ ఛాయ చూసే కొందరు దారి తప్పారు. లింగ్‌బావ్ గ్రంథాల్లో "మహా బ్రహ్మ రహస్య భాష" అని 256 అక్షరాలుంటాయి, 32 స్వర్గాలకు ఎనిమిదేసి. వాటిని సంస్కృతంతో పోల్చి బీజాక్షరాలు వెతికిన జవాబులు వచ్చాయి. మన చెవికి అలా అనిపించడం సహజమే. ఆ రోజుల్లో బౌద్ధ సూత్రాల్లోని సంస్కృత పదాలను చైనా అక్షరాల్లో ఎలా రాసేవారో, ఆ ధ్వనిని అనుకరిస్తూ కూర్చినవి అవి. వెనక సంస్కృత వాక్యమేదీ లేదు. ఏ అక్షరానికి ఏ అర్థమో లింగ్‌బావ్ గ్రంథాలే సొంతంగా వ్యాఖ్యానించుకున్నాయి, దాన్ని పట్టుకోండి. అయితే అలాంటి అక్షరాలు కనిపించడం లింగ్‌బావ్‌కు గట్టి గుర్తు.

పిడుగు విధుల గురించి రెండు మాటలే. వీటిలో పూజారి ముందు తన ఒంట్లోనే శ్వాసతో, అంతర్ రసవిద్యతో శక్తిని కూడగట్టుకుని, తానే దేవతగా మారి, ఆ తర్వాత పిడుగు సేనానులను ఆజ్ఞాపిస్తాడు. సేనాని బొమ్మ ఎలా ఉండాలి, ఏ రక్షరేకు రాయాలి, ఏ వేలితో ఏ ముద్ర పట్టాలి అన్న వివరాలు వరసగా వస్తే ఇవే అనుకోండి. దావోఫా హ్వేయువాన్ అనే సంకలనం 268 జువాన్లూ చాలావరకు ఇవే. ఛ్వాన్‌జెన్ గ్రంథాల్లో శాఖ స్థాపకుడు వాంగ్ చోంగ్‌యాంగ్ పేరో, ఆయన ఏడుగురు శిష్యుల్లో ఒకరి పేరో, సన్యాసమో దొరక్కుండా ఉండదు.

ఇప్పుడు దురెన్ జింగ్ దగ్గరికి ఇంకోసారి రండి. "లింగ్‌బావ్" అని సరిగ్గా రాసిన ఇద్దరు ముగ్గురికి కూడా పూర్తి మార్కులు వెయ్యలేదు. భాండారంలో ఉన్నది 61 జువాన్ల గ్రంథం. 400 ప్రాంతంలో పుట్టిన లింగ్‌బావ్ మూలం మొదటి జువాన్ ఒక్కటే. మిగతా 60 జువాన్లు 12వ శతాబ్దం తొలి ఏళ్ళలో, సోంగ్ చక్రవర్తి హ్వేజోంగ్, లిన్ లింగ్‌సు అనే దావో పూజారి మాట విని షెన్‌ష్యావ్ అనే కొత్త శాఖను నెత్తిన పెట్టుకున్న రోజుల్లో చేరినవి. కాబట్టి సరైన జవాబు "1వ జువాన్ లింగ్‌బావ్, 2 నుంచి 61 షెన్‌ష్యావ్". ఇకమీదట ప్రతి జవాబు పక్కన జువాన్ నంబరు రాయండి. నంబరు రాయాల్సి వస్తే గ్రంథం లోపలికి వెళ్ళక తప్పదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, తొందరపడకండి. దురెన్ జింగ్ 1వ జువాన్, హ్వాంగ్‌తింగ్ నేజింగ్, న్యూఛింగ్ గ్వేల్యూ 1వ జువాన్ మూలాలు దగ్గర పెట్టుకుని, ఒక్కోదానిలో సాధకుడు చెయ్యాల్సిన ప్రతి పనినీ, అంటే రాయడం, చదవడం, చూడటం, మింగడం, పిలవడం, ఏదైనా సరే, అది వచ్చిన వరుసతో సహా రాసుకోండి. పదాలకు నిఘంటువు చూసుకోవచ్చు, అనువాదం చూడొద్దు. తర్వాత జెంగ్‌యీ విభాగంలోకి వెళ్ళి, పేరులో షాంగ్‌ఛింగ్ అని గానీ దోంగ్‌జెన్ అని గానీ లేని గ్రంథం ఒకటి మీరే ఎంచుకుని, దాని శాఖ ఏదో ఒక పేజీలో నిరూపించండి. కనీసం మూడు ఆధారాలు కావాలి, మూడూ మూల పాఠంలోవే అయి ఉండాలి. రెండు శాఖల గుర్తులు కలిసి కనబడితే భయపడకుండా రెండూ రాసి, ఏ జువాన్‌లో ఏది ఉందో చూపించండి. న్యూఛింగ్ గ్వేల్యూలో దయ్యాల పేర్ల జాబితాలు పొడుగ్గా ఉంటాయి, అవి ఎత్తి రాయనక్కర్లేదు. కానీ పేరు తెలిసిన దయ్యాన్ని ఏం చెయ్యవచ్చని చెబుతుందో మాత్రం గుర్తుపెట్టుకోండి, రక్షరేకుల పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.