కొమ్మకు వేరు – 4వ పాఠం: గ్లాసులో నీళ్ళ వేడి

పోయిన పాఠంలో "కొమ్మ ముక్కను వెచ్చగా, వెలుతురుగా ఉండే చోట పెట్టండి" అని రాశాను. ఏప్రిల్ నెలలో కడపలో కూర్చుని, సీమవాళ్ళకు "వెచ్చగా" అని రాశానంటే నా బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో! ప్రొద్దుటూరులో ఒకావిడ మనీప్లాంట్ సీసాను మిద్దె పిట్టగోడ మీద పెట్టారట. గుంతకల్లులో ఒకాయన ఫ్రిజ్ మీద పెట్టారు, అది కాస్త నయం. ఇంకొకరు పాలిథిన్ కవరు కప్పి పడమటి కిటికీలో ఉంచారు. మూడో రోజుకే కాడ గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే జిగటగా చేతికి ఊడొచ్చింది. "అక్కా, మీరు చెప్పినట్టే చేశాం కదా" అన్నారు. చేశారు, నిజమే. అందుకే ఈసారి మట్టి కలుపుకోవడం గురించి చెబుతానన్నది పక్కన పెట్టేశాను. ముందు ఈ వేడి సంగతి తేలాలి.

మనీప్లాంట్, సింగోనియం, కోలియస్, డ్రసీనా వంటి వాటికి వేరు పుట్టడానికి 21 నుంచి 27 డిగ్రీలు అనువుగా ఉంటాయి. ఆ అంకె గది గాలిది కాదు, కణుపు మునిగి ఉన్న నీళ్ళది. ఇసుకలో గుచ్చితే ఆ ఇసుకది. ఫోన్‌లో 41 చూపిస్తే అది ఊరి గాలి సంగతి. మీ కిటికీలో ఎండ పడే గాజుసీసా నీళ్ళు అంతకు మించి కాగొచ్చు, నీడన ఉన్న మట్టి పిడతలో నీళ్ళు 30 లోపే ఉండొచ్చు.

నీళ్ళు వేడెక్కితే ఏం పోయింది అంటే, గాలి పోయింది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 దగ్గర ఏడున్నర, 40కి ఆరున్నర లోపే. అదే సమయంలో వేడికి కాడ ఎక్కువ ఊపిరి పీలుస్తుంది, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకేమో పండగ. ఊపిరాడని కాడను అవి తినేస్తాయి.

ఇక నాకు అసలు చిరాకు తెప్పించే విషయం. "నీళ్ళు రోజూ మారుస్తున్నా కుళ్ళుతోందక్కా" అంటారు. ఎప్పుడు మారుస్తున్నారు? అన్నాలు తిని, అంట్లు తోముకున్నాక, రెండింటికి. ఏ నీళ్ళు? కొళాయివి. ఆ కొళాయికి ఎక్కడి నుంచి వస్తున్నాయి? మిద్దె మీద నల్లటి ట్యాంకు నుంచి! మే నెలలో ఆ వేళకు కొళాయి కింద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. కాళ్ళు కడుక్కోవడానికే వెనకాడే నీళ్ళను తెచ్చి, నిన్ననే కోసిన పచ్చి గాయం మీద పోస్తున్నారు. సాయంత్రం మారుద్దామా అంటే ఆరింటికీ ట్యాంకు చల్లారదు. గోడ మీద ఎండలో పోయే పైపు సరేసరి. అలాగని ఫ్రిజ్ నీళ్ళు పోయకండి, ఐసు ముక్కలు అసలే వద్దు. అవి వేడి దేశాల మొక్కలు, ఆ చలికి బిగుసుకుపోతాయి. రాత్రి పడుకునే ముందు ఒక చెంబెడు నీళ్ళు పట్టి లోపలి గదిలో ఉంచండి. తెల్లవారి ఆరింటికి ఆ నీళ్ళతో మార్చండి. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ కూడా కొంత ఎగిరిపోతుంది. ఇంతే పని. కానీ ఈ ఒక్కటి చేయనివాళ్ళు మిగతా పాఠాలు చదివినా లాభం లేదు.

పెట్టే చోటు చూసుకోండి. మన ఇళ్ళలో కిటికీ అడుగున కడప బండే ఉంటుంది. నల్లటి బండ, పడమటి ఎండ. పోయినేడు నా కోలియస్ ముక్కలు ఆరూ అక్కడే పోయాయి. ఎండ దిగిందని సాయంత్రం తెచ్చి పెట్టాను. రాత్రి ఎనిమిదికి చెయ్యి ఆనిస్తే బండ ఇంకా పెనంలాగే ఉంది. ఇప్పుడు నా మొక్కలన్నీ వంటింట్లో తాగునీళ్ళ కుండ పక్కనే, ఉత్తరపు కిటికీకి నాలుగడుగుల దూరంలో.

కుండ అన్నాను కాబట్టి నా పద్ధతి చెబుతాను. ఎండాకాలం నేను గాజుసీసా ముట్టను. వెడల్పాటి మట్టిచట్టిలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న పిడత దించి, అందులో నీళ్ళు పోసి కొమ్మ పెడతాను. మట్టిలోంచి తేమ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మన పొడి గాలికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గది 38 ఉన్న రోజు పిడతలో 29 చూశాను. 27 కాదు కదా అనకండి, ఆ రెండు డిగ్రీలకు మనీప్లాంట్ అలగదు. మబ్బు పట్టి ఉక్కపోసిన రోజు మాత్రం ఇంత తేడా రాదు. ఒకాయన చట్టి అందంగా ఉండాలని బయటంతా ఎనామిల్ పెయింటు వేశారు. మట్టికి ఉన్న సన్న రంధ్రాలన్నీ మూసుకుపోయాక అది గాజుసీసాతో సమానమే కదండీ.

పాలిథిన్ కవరు నీడలో అయితే ఫరవాలేదు, పైన రెండు కంతలు పెట్టండి. ఎండలో కవరంటే కుక్కరే.

పుస్తకాల్లో కుండీ కింద పెట్టే హీటింగ్ మ్యాట్ కొనమని ఉంటుంది. అది చలిదేశాల అవసరం, మీ డబ్బులు మిగుల్చుకోండి. మనకు డిసెంబరు, జనవరి రాత్రుల్లో, ముఖ్యంగా అనంతపురం వైపు, కాస్త చలి తగిలితే వేర్లు ఆలస్యమవుతాయి, అంతే. అప్పుడు బండ మీద కాకుండా మడిచిన గోనెసంచి మీద పెట్టండి.

అభ్యాసం. ఈ వారం ఎవరూ కత్తెర పట్టకూడదు. అక్వేరియంలో వాడే థర్మామీటరు ఒకటి తెచ్చుకోండి. జ్వరం చూసేది పనికిరాదు, ఒంటి వేడికి బాగా తక్కువైతే అది చూపించదు. ఒకే రకం గ్లాసులు మూడింటిలో ఉట్టి నీళ్ళు పోసి, ఇంట్లో మూడు చోట్ల పెట్టండి. మూడు రోజులు ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి తొమ్మిదికి నీళ్ళ వేడి రాసుకోండి. మొత్తం 36 అంకెలు. థర్మామీటరు లేకపోతే మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకోండి. చల్లగా తగిలితే సరే. చలీ వేడీ ఏదీ తెలియకపోతే నీళ్ళు ఒంటి వేడికి దగ్గరపడినట్టే, కొమ్మకు అది ఎక్కువ. మధ్యాహ్నం రెండు గంటల లెక్క ఎగ్గొట్టి, మిగతా మూడు వేళలవీ రాసి పంపేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. నాకు కావలసింది ఆ రెండు గంటలదే.