మారుమూల సరస్సులో వాల్‌ఐ వేట: బయల్దేరే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కెనడాలో వాయవ్య ఒంటారియోలోని చాలా చేపల వేట మండలాల్లో వాల్‌ఐ అనే మంచినీటి చేప సీజన్ మే నెల మూడో శనివారం మొదలవుతుంది. ఆ రోజుల్లో ఏరు సరస్సులో కలిసేచోట రెండు మూడు మీటర్ల లోతులోనే చేప దొరుకుతుంది కాబట్టి అందరి కన్నూ ఆ వారం మీదే. కానీ ఉత్తరాన చాలా సరస్సుల్లో మంచు కరిగి అప్పటికి ఎన్నో రోజులు కాదు. నీళ్లు 10 డిగ్రీల లోపే ఉంటాయి. టొరంటో నుంచో విన్నిపెగ్ నుంచో తొలిసారి వెళ్లే మనవాళ్లు ఎలుగుబంటి గురించి పదిసార్లు అడుగుతారు, నీళ్ల గురించి ఒక్కసారీ అడగరు. అక్కడ ముందుగా భయపడాల్సింది నీళ్లకే.

చన్నీళ్లలో పడితే

"నాకు గోదావరి ఈత వచ్చు" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. చన్నీళ్లలో పడ్డ మనిషికి ఏమవుతుందో కెనడాలో 1-10-1 అనే లెక్కతో నేర్పుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. పడీపడగానే నోరు దానంతటదే తెరుచుకుని గాలి గట్టిగా లోపలికి లాగుతుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీరే. అప్పుడు ఈదబోకుండా తేలుతూ ఊపిరి నిలబెట్టుకోవాలి. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు, కాళ్లు మాట వింటాయి. పడవ ఎక్కడం, తాడు పట్టుకోవడం, సాయం కోసం ఎస్ఓఎస్ మీట నొక్కడం అన్నీ ఆలోపే అయిపోవాలి. ఆ తర్వాత వేళ్లు ముడుచుకోవు. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది, కానీ లైఫ్ జాకెట్ లేనివాళ్లు అంతదాకా మిగలరు.

అందుకే జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. నీళ్లలో పడ్డాక బకిల్ పెట్టుకోవడం కుదిరే పని కాదు. గాలితో ఉబ్బే రకమైతే దాన్ని వాన కోటు పైనే వేసుకోవాలి. లోపల వేసుకుంటే ఉబ్బినప్పుడు ఛాతీని నొక్కేస్తుంది. 16 ఏళ్ల లోపు వాళ్లకి, 36.3 కిలోల కన్నా తక్కువ బరువున్నవాళ్లకి ఆ రకం పనికిరాదు. పిల్లలకి నురుగు నింపిన జాకెట్టే, అదీ వాళ్ల కొలతకు సరిపడేదే.

మనుషులు పడవలోంచి పడేది తుఫానులోనే అనుకోకండి. ఇద్దరూ ఒకే పక్కకు వంగి గాలానికి పడ్డ చేపని చేతివలలోకి ఎత్తినప్పుడు, అంచు మీద నిలబడి మూత్రం పోసినప్పుడు, లంగరు లాగినప్పుడు పడతారు. రెండోదానికి పడవలో ఒక పాత డబ్బా పెట్టుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. లంగరు ఎప్పుడూ పడవ ముందు వైపు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే మోటారు బరువుకు తోడు లాగుడు పడి, అలలు వెనక అంచు మీదుగా లోపలికొస్తాయి. మోటారు నడిపేవాళ్లు, దాన్ని వెంటనే ఆపే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోకపోతే, మనిషి నీళ్లలో పడ్డాక ఖాళీ పడవ అతని చుట్టూనే గిరగిరా తిరుగుతుంది, ప్రొపెల్లర్‌తో సహా. పడవ తిరగబడితే ఒడ్డు దగ్గరగానే కనిపించినా ఈదుకెళ్లొద్దు. పడవ అడుగుభాగం మీదికి ఎక్కి, వీలైనంత ఒళ్లు నీటి బయట ఉంచుకోవాలి.

ఒడ్డుకు చేర్చాక మనిషిని పడుకోబెట్టి, తడి బట్టలు తీసి, స్లీపింగ్ బ్యాగ్‌లో చుట్టండి. మింగగలిగితే తియ్యటి వేడి టీ పట్టండి. చేతులు, కాళ్లు రుద్దొద్దు, మద్యం పట్టొద్దు.

సిగ్నల్ లేనిచోట మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఉండాల్సింది జాకెట్ జేబులో, పడవ అడుగున సంచిలో కాదు. గార్మిన్ ఇన్‌రీచ్ తీసుకెళ్తుంటే దాని ప్లాన్ ఇంట్లోనే యాక్టివేట్ చేసి, ఒక పరీక్ష మెసేజ్ పంపి చూసుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కానీ ఫోటోలు తీసి తీసి సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ దేనికీ పనికిరాదు.

విమానం, బరువు, మందులు

రెడ్ లేక్, సూ లుకౌట్, నకీనా లాంటి ఊళ్ల నుంచి బీవర్, ఆటర్ అనే నీటి మీద దిగే చిన్న విమానాలు (ఫ్లోట్ ప్లేన్లు) సరస్సుకి తీసుకెళ్తాయి. మనిషికి ఇంత బరువని నిర్వాహకులు ముందే చెబుతారు, రేవులో తూకం వేస్తారు. అట్టపెట్టెలు, గట్టి సూట్‌కేసులు వద్దు, మెత్తటి సంచులు సర్దండి. బియ్యం, కుక్కర్, నీళ్ల సీసాలు, బీరు అన్నీ లెక్కలోకే వస్తాయి. ఎలుగుబంటి మీద కొట్టే బేర్ స్ప్రే, గ్యాస్ డబ్బాలు ఉంటే పైలట్‌కి ముందే చెప్పాలి. ఆ స్ప్రే క్యాబిన్‌లో లీకైతే పైలట్‌కి కళ్లు కనిపించవు.

పొగమంచు, గాలి, కార్చిచ్చు పొగ ఏదొచ్చినా విమానం ఆగిపోతుంది. తిరిగొచ్చే రోజు రెండు మూడు రోజులు జరుగుతుందనే అనుకుని సర్దుకోండి. బీపీ, షుగర్ మందులు అదనంగా తీసుకెళ్లి రెండు వేర్వేరు సంచుల్లో పెట్టండి. ఇండియా విమానం టికెట్ మర్నాటికే పెట్టుకోవడం మాత్రం చేయొద్దు. ఏ సరస్సు, ఏ క్యాబిన్, ఎప్పుడు తిరిగి రావాలి, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి అనేవి కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి.

సరస్సు మీద

రాతి నేల కాబట్టి నీటికి అరడుగు కింద బండలు కనిపించకుండా ఉంటాయి, చాలా సరస్సులకు లోతుల మ్యాపులు లేవు. మొదటి రోజు నెమ్మదిగా తిరిగి, తగిలిన బండల్ని జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి. ప్రొపెల్లర్‌కి పెట్టే షియర్ పిన్లు, కాటర్ పిన్లు, స్పార్క్ ప్లగ్, ఆ మోటారుకి సరిపడే ప్రొపెల్లర్ ఒకటి, వాటిని విప్పే పానాలు పడవలోనే ఉండాలి. తెడ్లు, నీళ్లు తోడే డబ్బా, 15 మీటర్ల తేలే తాడు, ఈల ఉన్నాయో లేదో రేవులోనే చూడండి. పడవలోని నీళ్లు పోయే రంధ్రానికి పెట్టే డ్రైన్ బిరడా కూడా. మధ్యాహ్నం గాలి లేస్తే సరస్సు అడ్డంగా దాటకండి, ఏదైనా దీవి చాటున ఆగండి. ఉరుము వినిపిస్తే గాలాలు పడుకోబెట్టి ఒడ్డెక్కాలి. గ్రాఫైట్ గాలం కర్రలో విద్యుత్ పారుతుంది.

వాల్‌ఐతోపాటే పదునైన పళ్లుండే పైక్ చేపలూ తగులుతాయి, వాటి నోట్లో వేలు పెట్టొద్దు. పొడవు ముక్కు ప్లయర్, గాలం ముల్లు కత్తిరించే కట్టర్ తప్పనిసరి. ముళ్ల మీది ఎదురు కొనల్ని ముందే ప్లయర్‌తో నొక్కేస్తే సగం గాయాలు తప్పుతాయి. వేలిలో దిగిన ముల్లుని తియ్యాలంటే గట్టి దారాన్ని ముల్లు వంపుకి చుట్టి, ముల్లు కాడని చర్మానికేసి కిందికి నొక్కి పట్టి, కాడకి సమాంతరంగా వెనక్కి ఒక్క ఊపున లాగాలి. కంట్లో, మెడలో దిగితే ముట్టుకోకండి. అది ఎస్ఓఎస్ నొక్కాల్సిన కేసు. వెళ్లేముందు టెటనస్ టీకా తేదీ చూసుకోండి.

మే చివర్లో, జూన్‌లో నల్ల ఈగలు, ఆ తర్వాత దోమలు. లేతరంగు బట్టలు, తల మీద నెట్, 20 శాతం ఇకారిడిన్ ఉన్న దోమల మందు నయం. 30 శాతం డీట్ కూడా పనిచేస్తుంది కానీ ప్లాస్టిక్ ఎరల్ని, గాలం దారాన్ని పాడుచేస్తుంది. సరస్సు నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఒక నిమిషం తెర్ల కాచి తాగండి, విరేచనాలు తెప్పించే జియార్డియా క్రిమి ఉంటుంది. చేప పేగులు, తలలు క్యాబిన్ దగ్గర పడేస్తే ఎలుగుబంటిని భోజనానికి పిలిచినట్టే. క్యాంపు వాళ్లు చూపించిన చోటే వేయండి. ఆవకాయ జాడీ, వేపుడు నూనె కూడా రాత్రి బయట వదలొద్దు. అడవి మంటల ఆంక్షలున్నప్పుడు ఒడ్డున కట్టెలు పెట్టి వండటం కుదరదు, గ్యాస్ పొయ్యి మీదే.

లైసెన్సు, చేపల లెక్క

ఒంటారియోలో ఉండే 18-64 ఏళ్ల వాళ్లకి అవుట్‌డోర్స్ కార్డు, లైసెన్సు రెండూ కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి 65 దాటినా మినహాయింపు లేదు, అది కెనడా నివాసులకే. వాళ్లు నాన్-రెసిడెంట్ లైసెన్సు తీసుకోవాలి. మోటారు పడవ నడిపేవాళ్లకి ఆపరేటర్ కార్డు ఉండాలి. అద్దె పడవైతే రేవులో సంతకం చేసే చెక్‌లిస్ట్ సరిపోతుంది. చాలా మండలాల్లో స్పోర్ట్ లైసెన్సుకి 4, కన్జర్వేషన్ లైసెన్సుకి 2 వాల్‌ఐలు, అందులో 46 సెంటీమీటర్లు దాటింది ఒక్కటే. లాక్ సూల్ సరస్సు లాంటి చోట్ల ప్రత్యేక నియమాలున్నాయి, ఆ ఏటి నియమాల పుస్తకం చూడందే వెళ్లొద్దు. ఇంటి ఫ్రీజర్‌లో ఉన్నవీ మీ నిల్వ లెక్కలోకే వస్తాయి. ఫిల్లెట్ మీద చర్మం ముక్క వదిలి, లెక్కపెట్టేలా విడివిడిగా ప్యాక్ చేయండి. ముద్దలా గడ్డకట్టిస్తే తనిఖీలో ఇబ్బందే. ఎర చేపల్ని, జలగల్ని ఒక బెయిట్ జోన్ నుంచి మరోదానికి తీసుకెళ్లకూడదు. అక్కడే కొని, రసీదు దాచుకోండి.

ఎంత పెద్ద వాల్‌ఐ అయితే అంత పాదరసం. పులుసుకి చిన్నవే మేలు, గర్భిణులకి, పిల్లలకి మరీనూ. డ్రైడెన్ కాగితం మిల్లు 1962-70 మధ్య నదిలోకి వదిలిన పాదరసం వల్ల ఇంగ్లిష్-వాబిగూన్ నదీ ప్రాంతం ఇంకా దెబ్బతిని ఉంది. మీ సరస్సు పేరుతో ప్రభుత్వ చేపల గైడ్‌లో వెతికాకే వండండి.

డ్రైవింగ్ పగలే పెట్టుకోండి. 17వ హైవే మీద, 105 మీద రాత్రి మూస్ అనే భారీ దుప్పి అడ్డొస్తే దాని కళ్లు హెడ్‌లైట్ వెలుగుకి పైన ఉంటాయి, మెరవవు. కాళ్లు కనిపించేసరికి బ్రేక్ వేసే దూరం మిగలదు.