ఎక్సెల్ ఫైల్ పంపే ముందు ఇవి చూసుకోండి: అవతలి వెర్షన్ పాతదైతే లెక్క చెడకుండా

మార్చి నెలాఖరు, రాత్రి తొమ్మిది దాటాక మా ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోన్. "మీరు పంపిన స్టాక్ షీట్‌లో రేట్ల కాలమ్ అంతా ఎర్రర్లేనండీ, ఒకసారి చూస్తారా" అన్నారు. నా దగ్గర తెరిస్తే అంతా బాగానే ఉంది. రెండు గంటలు కిందా మీదా పడితే తేలిందేమిటంటే, నేను వాడేది మైక్రోసాఫ్ట్ 365, వాళ్ల దగ్గరున్నది ఎక్సెల్ 2010, రేట్లు తెచ్చే ఫార్ములా ఎక్స్‌లుకప్. ఆ ఫార్ములా 365లో, 2021లో, ఆ తర్వాత వచ్చిన వాటిలోనే పనిచేస్తుంది, 2019లో కూడా లేదు.

ఇందులో మోసం ఎక్కడంటే, పాత వెర్షన్‌లో ఫైల్ తెరవగానే ఎర్రర్ రాకపోవచ్చు. చివరిసారి నేను సేవ్ చేసినప్పటి అంకెలే సెల్స్‌లో కనబడతాయి. ఎవరైనా ఆ సెల్‌లోకి వెళ్లి ఎంటర్ కొట్టినా, లెక్క మళ్లీ జరిగినా అప్పుడు హ్యాష్ నేమ్ ఎర్రర్ పడుతుంది. అప్పటిదాకా పాత అంకెలనే నిజమనుకుని ప్రింట్ తీసేసే ప్రమాదం ఉంది, నాకైతే ఎర్రర్ కంటే ఇదే ఎక్కువ భయం. అనుమానం వస్తే సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి, ఫంక్షన్ పేరుకు ముందు ఎక్స్‌ఎల్‌ఎఫ్‌ఎన్ అన్న అక్షరాలు అతుక్కుని ఉంటే ఆ ఫంక్షన్ ఈ వెర్షన్‌కు తెలియదని అర్థం.

అందుకే ముందు అడగండి, మీ దగ్గర ఏ వెర్షన్ ఉందని. తెలియదంటే ఫైల్ మెనూలో అకౌంట్ నొక్కమనండి, 2010లో అయితే ఫైల్‌లో హెల్ప్ దగ్గర ఉంటుంది. పాతదని తేలితే ఎక్స్‌లుకప్ తీసేసి ఇండెక్స్, మ్యాచ్ కలిపి రాయండి, అది ఏ వెర్షన్‌లోనైనా నడుస్తుంది. ఇండెక్స్‌లో మొదట రేట్లున్న కాలమ్, కామా పెట్టి మ్యాచ్, దాని లోపల వెతకాల్సిన సరుకు పేరున్న సెల్, తర్వాత సరుకుల పేర్లున్న కాలమ్, చివర సున్నా. ఆ సున్నా మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే సరిగ్గా అదే పేరు వెతకడం మానేసి వేరే సరుకు రేటు తెచ్చి పెట్టేయగలదు, అప్పుడు ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎవరూ కనిపెట్టలేరు. షరతులు చూసే ఐఎఫ్‌ఎస్, పేర్లు కలిపే టెక్స్ట్‌జాయిన్ లాంటి ఫంక్షన్లు ఎక్సెల్ 2019 నుంచి వచ్చాయి, వాటి బదులు ఒకదానిలో ఒకటిగా ఇఫ్‌లు, పేర్లు కలపడానికి యాండ్ గుర్తు (&) వాడితే సరిపోతుంది. ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్ కింద చెక్ కంపాటిబిలిటీ అని ఒకటుంది, అది నడపండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా కంట్రోల్ ఎఫ్ కొట్టి కొత్త ఫంక్షన్ల పేర్లు వర్క్‌బుక్ మొత్తం వెతకడం నాకు అలవాటు.

అవతలివాళ్లు లెక్క మార్చనక్కర్లేదు, చూస్తే చాలనుకుంటే ఫార్ములాలే పంపొద్దు. ముందు సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టి కాపీ చేసుకోండి (ఈ మెట్టు దాటేస్తే అసలు ఫైల్‌లో ఫార్ములాలు పోతాయి), ఆ కాపీలో షీట్ మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, అక్కడే పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోన్‌లో చూసేవాళ్లకైతే పీడీఎఫ్ ఒకటి చాలు.

ఇక ఫైల్ రకం. ఎక్స్‌ఎల్‌ఎస్ అనే పాత రకంలో ఒక షీట్‌కు 65,536 వరుసలే, 2007లో వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ ఫలితాలను పాత రకం ఫైళ్లలోకి ఎక్కించినప్పుడు వరుసలు చాలక 15,841 కేసులు లెక్కలోకి రాకుండా ఉండిపోయాయి, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం కూడా ఆలస్యమైంది. పై టైటిల్ బార్‌లో కంపాటిబిలిటీ మోడ్ అని కనబడితే మీరు ఆ పాత రకంలోనే ఉన్నట్టు. అవతల 2003 ఉంటే తప్ప దాంట్లో సేవ్ చేయకండి.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్) అయితే ఏ వెర్షన్‌లోనైనా తెరుచుకుంటుంది కదా అని చాలామంది అదే పంపుతారు. బ్యాంకు అకౌంట్ నంబర్లుంటే దయచేసి వద్దు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది, 16 అంకెల నంబరుంటే ఆఖరి అంకె సున్నా అయిపోతుంది. పాస్‌బుక్‌లో నంబరుకు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 12 అంకెల ఆధార్ నంబరేమో మధ్యలో ఇంగ్లీషు ఇ (E) అక్షరంతో కుదించి కనబడుతుంది. డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ కొడితే పోయింది పోయినట్టే. తప్పదనుకుంటే డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చుకుని, ఆ కాలమ్‌కు టెక్స్ట్ అని చెప్పి లోడ్ చేయండి. తెలుగు పేర్లుంటే మామూలు సీఎస్‌వీలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోండి. అను ఫాంట్‌లో టైప్ చేసిన షీట్ సంగతి వేరు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అంతా పిచ్చి అక్షరాలే, యూనికోడ్‌కు మార్చి పంపడం తప్ప దారి లేదు.

తేదీలు చూడండి. 03-04-2025 మనకు ఏప్రిల్ 3, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కు మార్చి 4. సీఎస్‌వీలో ఇది తారుమారవుతుంది. 13-04-2025ను అక్కడ అసలు తేదీగానే తీసుకోదు, టెక్స్ట్‌గా ఉంచేసి సెల్‌లో ఎడమవైపుకు చేర్చేస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి ఉన్నాయంటే అక్కడే ఆగి సరిచేయండి. నేను నెల పేరు అక్షరాల్లో వచ్చే ఫార్మాట్ పెట్టేస్తాను, ఎవరికీ అనుమానం రాదు.

గూగుల్ షీట్స్‌లో చేసింది ఎక్సెల్‌గా డౌన్‌లోడ్ చేస్తే క్వెరీ, ఇంపోర్ట్‌రేంజ్ లాంటి గూగుల్ ఫంక్షన్లు అక్కడ పనిచేయవు, విలువలు మాత్రమే మిగులుతాయి, కాబట్టి ఇద్దరికీ నెట్ ఉంటే లింక్ ఇచ్చేయడమే మేలు. లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకు 24.8 నుంచి ఎక్స్‌లుకప్ ఉంది, ఉచితమే కాబట్టి అప్‌డేట్ చేసుకోమనండి. మాక్రోలు (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఫైల్‌ను మాత్రం ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గానే సేవ్ చేయాలి.

ఆ రాత్రి తర్వాత నేను ఫైల్‌తో పాటు మెసేజ్‌లో రెండు అంకెలు తప్పకుండా రాస్తున్నాను: మొత్తం ఎన్ని వరుసలు, చివరి టోటల్ ఎంత. ఆడిటర్ గారి ఆఫీసులో ఫైల్ తెరవగానే ముందు ఆ రెండూ సరిచూసుకుని, కలిస్తేనే పని మొదలుపెడుతున్నారు, తేడా ఉంటే వెంటనే ఫోన్ చేస్తున్నారు.