కోటీశ్వరుల మీద పన్ను న్యాయమేనా? వైజాగ్‌లో జనాన్ని అడిగే పద్ధతి

ప్రాజెక్టు కోసం అభిప్రాయ సేకరణ చేస్తామని ఎంఏ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. సర్వే ఫారాలు నింపడమూ, నింపించడమూ నా బతుకుతెరువు కాబట్టి వస్తారు. చేతిలో కాగితం, దాని మీద ఒకే ప్రశ్న: ‘ధనికులపై సంపద పన్ను విధించడం న్యాయమేనా? అవును / కాదు.’ సంపద పన్నంటే సంపాదన మీద కాదు, ఉన్న ఆస్తి మీద ఏటా వేసేది. ఆ కాగితం పట్టుకుని సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో తిరిగితే ‘అవును’ దగ్గర టిక్కులే టిక్కులు. దానికి అంతలా తిరగక్కర్లేదు, ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. 2024లో ఇప్సోస్ సంస్థ జీ20 దేశాల్లో అడిగితే సంపన్నుల మీద సంపద పన్ను ఉండాలన్నవాళ్లు 68 శాతం, మన దేశంలో 74 శాతం.

అదే స్విట్జర్లాండ్‌లో చూడండి. అక్కడ సంపద పన్ను ఏటా కడుతూనే ఉంటారు. 5 కోట్ల ఫ్రాంకులు దాటిన వారసత్వం మీద 50 శాతం పన్ను వేద్దామా అని 2025 నవంబరు 30న ఓటింగు పెడితే 78 శాతం మంది వద్దన్నారు. అంటే జనానికి పన్ను ఇష్టమా కాదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరి మీద, ఎంత దాటాక, ఏ ఆస్తి మీద అన్నది ప్రశ్న. మీ ఫారం దాన్ని రాబట్టాలి.

బయల్దేరే ముందు పాత చట్టం గురించి నాలుగు ముక్కలు తెలుసుకోండి. ‘మన దగ్గర ఇలాంటిది లేదా?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఉండేది. నికొలస్ కాల్డార్ అనే ఆర్థికవేత్త సలహా మీద 1957లో తెచ్చారు. చివర్లో 30 లక్షలు దాటిన నికర సంపద (అప్పులు పోను మిగిలిన ఆస్తి) మీద ఒక శాతం ఉండేది. 2015 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఎత్తేసి, ఆదాయం కోటి దాటినవాళ్లు కట్టే పన్ను మీద 2 శాతం అదనపు సర్‌ఛార్జి పెట్టారు. ఆ సంపద పన్ను కింద దేశం మొత్తం మీద ఏడాదికి వసూలయ్యేది సుమారు వెయ్యి కోట్లే.

తమాషా ఏమిటంటే చివరి రోజుల్లో ఆ చట్టం లెక్కలోకి బంగారం, కారు, ఖాళీ స్థలం వచ్చేవి గానీ షేర్లు వచ్చేవి కావు. సొంతిల్లు ఉండి, ఎండాడలో ఇంకో ఖాళీ స్థలం కొనిపెట్టుకున్న రిటైర్డ్ స్టీల్ ప్లాంట్ ఉద్యోగి దొరికిపోవచ్చు. వందల కోట్ల షేర్లున్న పెద్దమనిషి ఆ షేర్లకి పైసా కట్టక్కర్లేదు. ఈ సంగతి ముందే చెప్పి ప్రశ్న అడిగితే జవాబులు ఒక రకంగా వస్తాయి, చెప్పకుండా అడిగితే ఇంకో రకంగా. అందుకని చెబితే అందరికీ చెప్పండి, లేదంటే ఎవరికీ చెప్పకండి.

ఎక్కడ అడగాలి? బీచ్ ఒక్కటీ చాలదు. ఎంవీపీ రైతుబజార్, గాజువాక, ఫిషింగ్ హార్బర్, మధురవాడ ఐటీ కొండ, సీతమ్మధార అపార్ట్‌మెంట్లు, ఇన్నీ కలిస్తేనే ఊరు. సింహాచలం పంచగ్రామాలకి కూడా వెళ్లండి, కానీ జాగ్రత్తగా. వేపగుంట, అడవివరం వైపు ఏళ్ల తరబడి ఇల్లు కట్టుకుని ఉంటున్నా ఆ భూమి దేవస్థానానిదా తమదా అన్న తగువు తెగని కుటుంబాలున్నాయి. వాళ్లని ‘మీ ఆస్తి విలువ ఎంతమ్మా?’ అంటే పుండు మీద కారం చల్లినట్టే. పైన ఓనరు, కింద అద్దెకున్నవాళ్లు ఉంటే ఇద్దర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి అడగకండి. ఓనరు గారి ముందు అద్దెవాళ్లు ‘ఆయన చెప్పిందే నాదీను’ అనేస్తారు.

బంగారం ఎంతుందని ఎవర్నీ అడగొద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. కాలేజీ ఐడీ కార్డు మెళ్లో వేసుకోండి. ట్యాబ్ తీస్తే ‘ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లేటి?’ అని తలుపేస్తారు. కాగితం, పెన్నే మేలు.

ఇప్పుడు అసలు కిటుకు, ప్రశ్నల వరస. మన ఊళ్లో ఆస్తి మీద పన్ను అనగానే గుర్తొచ్చేది జీవీఎంసీ, అంటే నగర కార్పొరేషన్, వేసే ఇంటి పన్ను. 2021లో దాన్ని అద్దె విలువ నుంచి రిజిస్ట్రేషన్ విలువ లెక్కకి మార్చారు. నివాసాలకి విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, పెంపు ఏడాదికి 15 శాతం దాటకుండా అన్నారు. అయినా కాలనీ సంఘాలు రోడ్డెక్కాయి. ‘ఇంటి విలువ పెరిగితే నా పెన్షన్ పెరిగిందా?’ అన్నది అప్పట్లో ప్రతి వీధిలో విన్న మాట. ఈ చేదు నోట్లో ఉండగా కోటీశ్వరుల పన్ను గురించి అడిగితే జవాబు దాని రుచే వస్తుంది. కాబట్టి ఫారాలు రెండు రకాలుగా అచ్చు వేయించండి. ఒక రకంలో ఇంటి పన్ను ప్రశ్న ముందు, ఇంకో రకంలో సంపద పన్ను ప్రశ్న ముందు. కలిపేసి, వరసలో ఏది వస్తే అది ఇవ్వండి. మనిషిని చూసి ఫారం ఎంచడం మొదలెట్టారంటే ఇక ఆ సర్వే ఎందుకూ పనికిరాదు.

‘ధనికులు’ అని ఊరుకోకుండా అంకెలు పెట్టండి. అప్పులు పోను 50 లక్షలా, 2 కోట్లా, 10 కోట్లా, 100 కోట్లా, ఎంత దాటితే పన్ను న్యాయం? చాలామంది గీత తమ నెత్తి మీదుగా, ఒక మెట్టు పైన గీస్తారు. రెండు కోట్ల ఫ్లాటున్నాయనకి ధనికుడంటే పది కోట్లవాడు. గీత ఎక్కడ గీశారో వాళ్ల ఇంటి రకం పక్కన రాసుకోండి.

‘అప్పులు పోను’ అన్న మాట వదిలేశారో, ఫిషింగ్ హార్బర్‌లో దొరికిపోతారు. వల బాగుచేసుకుంటూ ఒక బోటు ఓనరు నన్ను అడిగాడు: “బోటు నాదేనమ్మా, అప్పు బ్యాంకుది. మరి ఆస్తి ఎవులిది?” నేను ఫారంలో ఆ మాట చూపించాను. సూది ఆపలేదు. “సరే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏట నిషేధం. బోటు ఒడ్డునే ఉంటాది, పైసా రాదు. అప్పుడూ కట్టాలేటి?” ఆస్తి ఉండి చేతిలో డబ్బాడకపోతే ఏం చేయాలన్నది సంపద పన్ను మీద ఏ దేశంలోనైనా వచ్చే పెద్ద అభ్యంతరం. పని చేసి పెట్టే ఆస్తినీ, ఊరికే పడి ఉండి ధర పెరిగే ఆస్తినీ వేర్వేరు ప్రశ్నల్లో అడగడం నేను అక్కడినుంచే మొదలుపెట్టాను.

అలాగే మూడు చిన్న కథలు చెప్పి అడగండి. ముగ్గురికీ 20 కోట్లే. ఒకాయన ఆటోనగర్‌లో వర్క్‌షాపు పెట్టి సంపాదించాడు. ఇంకొకాయనకి తండ్రి ఇచ్చిపోయాడు. మూడో ఆయన తాతల నాటి పొలం భీమిలి పక్కన ఉంది, భోగాపురం విమానాశ్రయం మాట వచ్చాక ధర లేచింది. ఎవరి మీద వేయాలి? ‘ముగ్గురి మీదా’ అన్నాయన్ని కూడా ‘ముందు ఎవరి మీద?’ అని అడగండి. న్యాయం గురించి మనిషి మనసులో ఉన్నది ఇక్కడే బయటపడుతుంది. నా అనుభవంలో వర్క్‌షాపు ఆయన మీద ఎవరికీ చెయ్యి రాదు. తండ్రి ఆస్తి దగ్గర మాత్రం గొడవే, ఎందుకంటే ప్రతివాడూ రేపు పిల్లలకి ఏదో ఒకటి ఇవ్వాలనే కూడబెడుతున్నాడు.

కారణాలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, తర్వాత విడదీయొచ్చు. ‘ఆదాయం పన్ను కట్టేశాక మిగిలిందాని మీద మళ్లీనా?’ అన్నది న్యాయం గురించిన మాట. ‘పెద్దోళ్లు దుబాయ్ చెక్కేస్తారు’, ‘కట్టినా మధ్యలోవాళ్లే తినేస్తారు’ అన్నవి కావు, అవి పన్ను పనిచేస్తుందా అన్న అనుమానాలు. వీటిని ‘అన్యాయం’ ఖాతాలో వేసేస్తే లెక్క తప్పుతుంది. నార్వే 2022లో రేటు 1.1 శాతానికి పెంచాక కొందరు సంపన్నులు స్విట్జర్లాండ్‌కి మకాం మార్చారు కాబట్టి ఆ అనుమానం ఉత్తదే అని కొట్టేయడానికీ లేదు.

నా మటుకు నన్నడిగితే పది కోట్ల పైన వేయాల్సిందే అంటాను. ఫారం నింపేటప్పుడు మాత్రం అది నా మొహంలో కనబడనివ్వను. ‘అవునమ్మా, కరెక్టు’ అని తలూపారంటే ఆ తర్వాతి జవాబులన్నీ మీవే.

రిపోర్టులో రెండు రకాల ఫారాల ఫలితాలు విడివిడిగా ఇవ్వండి, కలిపి ఒక శాతం చెప్పకండి. ‘విశాఖ ప్రజలు ఇలా అంటున్నారు’ అని శీర్షిక పెట్టకండి, మీరు కలిసినవాళ్లు అన్నారంతే. జవాబివ్వనివాళ్లనీ లెక్కపెట్టండి. బీచ్ రోడ్డు పక్క పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గరే వాచ్‌మన్ ‘సార్ లేరు’ అంటాడు. ఆ పన్ను నిజంగా పడేది ఆ సార్లకే కాబట్టి, వాళ్లు మీ లెక్కలో లేరన్న సంగతి చివరి పేజీలో చిన్నక్షరాల్లో కాకుండా మొదటి పేజీలోనే రాయండి.