పాత మాట పుట్టుక వెతకడం ఎలా: స్కాట్లాండ్ ‘పైన్’ నుంచి మన తీపుల దాకా

అమలాపురం వైపు మా అమ్మమ్మ సాయంత్రం అరుగు మీద కూర్చుని మోకాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ “కాళ్ళు తీపులు తీస్తన్నాయిరా” అనేది. బెల్లం తీపీ, నొప్పి అనే ఈ తీపూ ఒకటేనా అని నాకు చిన్నప్పటి నుంచీ డౌటు. ఇలాంటివి ఎలా తేల్చుకోవాలో స్కాట్స్ భాషలో బాధ అనే అర్థమున్న ‘పైన్’ అనే పాతమాట మీద చూపిస్తాను, దాని జాడ బాగా దొరుకుతుంది కాబట్టి.

ముందు చెవిని నమ్మకండి. పైన్ అంటే మనకి చెట్టే గుర్తొస్తుంది. ఆ చెట్టు పేరు లాటిన్ ‘పీనుస్’ నుంచి వచ్చింది, బాధ అనే పైన్ ‘పోయెనా’ నుంచి. చుట్టరికమే లేదు.

తర్వాత నిఘంటువులో పాత వాడుక నుంచి కిందికి రండి. స్కాట్స్ నిఘంటువులు నెట్‌లో ఉచితం, 1700 వరకు ఒకటి, ఆ తర్వాతకి ఇంకొకటి. పోయెనా అంటే జరిమానా, శిక్ష. పెనాల్టీ కూడా అక్కడిదే. ఆ మాట చర్చితో పాటు ఇంగ్లీషు, స్కాట్స్‌లలోకి పైన్‌గా వచ్చి యాతన అయింది, క్రీస్తు శిలువ బాధలకీ అదే మాట వాడారు. ‘పాషన్’ కూడా మొదట ఆ బాధే, మోహం, ఆవేశం అనే అర్థాలు తర్వాత వచ్చి చేరాయి. అదే పోయెనా ఫ్రెంచి దారిన మళ్ళీ వచ్చి ‘పెయిన్’ అయింది, ఒకే సరుకు ఓసారి కోటిపల్లి రేవులో, ఓసారి ముక్తేశ్వరంలో దిగినట్టు. ఇంగ్లీషులో పైన్ చివరికి బెంగతో చిక్కిపోవడం దాకా వెళ్ళింది. నాకు అన్నిటికంటే నచ్చింది షెట్లాండ్ దీవుల వాడుక: అక్కడ చేపల్ని గాలికి ఆరబెట్టి ఎండబెట్టడాన్నీ పైన్ అనేవారు. మనం కూడా “బెంగతో ఎండిపోయింది పిల్ల” అంటాం కదా!

మన మాటలకైతే ఆంధ్రభారతి సైటులో బ్రౌన్, శబ్దరత్నాకరం నిఘంటువులు రెండూ పక్కపక్కన తెరవండి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడే. అర్థంతో ఆగకుండా మాట పక్కనున్న క్రియ చూడండి. “తీపులు తీయడం”లో తీయడం ఉంది, అందుకే నేనైతే బెల్లం వైపు పోకుండా ముందు అటే వెతుకుతాను.

విన్నది రాసుకునేటప్పుడు వాక్యం మొత్తం రాయండి, ఏ ఊరో, ఎంత వయసువాళ్ళో కూడా. నా పాత నోట్సులో “తీపు = నొప్పి” అని ఒక్క ముక్కే ఉంది, అమ్మమ్మ ఆ రోజు ఇంకేమందో ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు.