పిల్లల్లో ఏఎస్ఓ హద్దు తేల్చడం – 3వ పాఠం: పిల్లల్ని ఏరడం, 80వ పర్సెంటైల్ లెక్క

ఏఎస్ఓ అంటే గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్) బాక్టీరియా వదిలే స్ట్రెప్టోలైసిన్ ఓ అనే విషానికి ఎదురుగా రక్తంలో పుట్టే యాంటీబాడీ. ఆ విషం ఎర్రకణాలను కరిగిస్తుంది. సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) మెట్లుమెట్లుగా పలచన చేసి, ఎంతవరకు ఆ కరగడాన్ని ఆపుతుందో చూసే గొట్టాల పద్ధతి పోయిన పాఠంలో అయింది. ఇక అసలు ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు బడిపిల్లల్లో ఏఎస్ఓ ఎంత ఉంటే మామూలు? లేటెక్స్ కిట్ (సీరం కలిపితే రేణువులు గుంపుకడితే పాజిటివ్ అనే త్వరిత పరీక్ష) పెట్టెమీద 200 యూనిట్లని ఉంటుంది. సాధారణంగా అది ఆ కిట్ పట్టుకోగలిగే స్థాయి, మన ఊరి పిల్లల మామూలు స్థాయి కాదు. పైగా 200 లోపు ఉన్నవన్నీ దానికి ఒక్కటే, నెగెటివ్. 50 ఉన్నవాడూ 166 ఉన్నవాడూ విడివిడిగా కనబడాలంటే గొట్టాల పద్ధతో, టర్బిడిమెట్రీయో (ద్రవం మసకను యంత్రంతో కొలిచే పద్ధతి) కావాలి.

పిల్లల్ని ఏరడంలోనే సగం పని ఉంది. ఆశ్రమ పాఠశాలకు వెళ్లి ఒకే హాస్టలు నుంచి వందమందిని తీసుకోవడం సులువే, కానీ ఒక గదిలో గొంతునొప్పి వస్తే పది మంచాలకు పాకుతుంది. ఆ హాస్టలు అంకెలు ఊరి అంకెలు కావు. అన్నదమ్ములదీ అదే కథ, ఇంటికి ఒక్కరినే తీసుకోండి. తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఒడియాలో, తెలుగులో రెండింటా ఉండాలి. సవర పల్లెల్లో వాళ్ల భాషలో చదివి వినిపించే మనిషి కావాలి.

"గొంతునొప్పి వచ్చిందా?" అంటే లేదనే అంటారు. "మొన్న దసరా తర్వాత మింగడానికి కష్టపడ్డాడా? జ్వరానికి సూది వేయించారా?" అని అడగండి. తర్వాత కళ్లతో చూడండి: మోకాళ్ల కింద, వేళ్ల సందుల్లో, తలలో. గజ్జి గోకిన చోట చీముపొక్కులు, ఆరిన నల్లమచ్చలు ఉంటే ఆ బిడ్డను పక్కన పెట్టాలి. గుండెజబ్బు, కీళ్లవాపు, నెలనెలా పెన్సిలిన్ ఇంజక్షన్ ఉన్నవాళ్లూ వద్దు.

ఎర్రమూత గొట్టంలో 3 మి.లీ. రక్తం తీసి, అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి, 3000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పండి. మోహన ఊరివైపు కొండల్లో తీసిన రక్తాన్ని తిప్పకుండా ఐసు మీద పెట్టి ఘాట్ రోడ్డు దింపితే కణాలు పగిలి సీరం గులాబీరంగుకు తిరుగుతుంది. అది పారబోయాల్సిందే. దగ్గర్లోని పీహెచ్‌సీలోనే సీరం వేరుచేసుకుని బయల్దేరండి.

ప్రతి విడతలో రెండు కంట్రోల్ గొట్టాలు: ఎర్రకణాలు మాత్రమే ఉన్నదాంట్లో రక్తం కరగకూడదు, సీరం లేకుండా ఎర్రకణాలకు స్ట్రెప్టోలైసిన్ వేసినదాంట్లో పూర్తిగా కరగాలి. రెండోది కరగలేదంటే స్ట్రెప్టోలైసిన్ గాలి తగిలి చచ్చిపోయింది. అప్పుడు ప్రతి బిడ్డకూ టైటర్ (యాంటీబాడీ ఎంతుందో చెప్పే అంకె) లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది.

ఇక 80వ పర్సెంటైల్ లెక్క, అంటే నూటికి 80 మంది ఏ అంకెలోపు ఉంటారో అది. ఇవి నేర్చుకోవడానికి కల్పించిన అంకెలు, 5–14 ఏళ్ల 100 మందివి. 50 యూనిట్లు 18 మందికి, 100 అయితే 24, 125 అయితే 16, 166 అయితే 12, 250 అయితే 14, 333 అయితే 9, 500 అయితే 5, 625 అయితే 2. పైనుంచి కూడుతూ రండి. 250 దాటినవాళ్లు 9+5+2, అంటే 16 మంది. 166 దాటినవాళ్లు 30. నూటికి 20 మందికి మించి దాటని మొదటి మెట్టు 250, కాబట్టి ఈ గుంపుకు హద్దు 250.

95 కాకుండా 80 ఎందుకు? ఆరోగ్యంగా కనిపించే పిల్లల్లోనూ కొందరికి ఈమధ్యే స్ట్రెప్ వచ్చిపోయి ఉంటుంది, యాంటీబాడీ నెలల తరబడి తగ్గదు. 95 దగ్గర గీత గీస్తే నిజమైన రోగులు కిందే ఉండిపోతారు. సగటుకు రెండు ఎస్‌డీలు (స్టాండర్డ్ డీవియేషన్లు) కలిపే అలవాటూ ఇక్కడ పనికిరాదు. కొద్దిమంది పెద్ద టైటర్ల వల్ల అంకెలు కుడివైపుకు సాగిపోయి ఉంటాయి. సగటు తప్పదంటే లాగరిథమ్ మీద, జామెట్రిక్ సగటు తీయండి.

అయిదేళ్ల లోపువాళ్లను ఇందులో కలపొద్దు. వాళ్ల టైటర్లు బడిపిల్లలకంటే బాగా తక్కువ. కలిపితే హద్దు పడిపోయి పెద్దపిల్లల్లో ఎక్కువమంది రోగుల్లా కనిపిస్తారు.

చర్మపు పుండ్ల తర్వాత ఏఎస్ఓ అంతగా పెరగదు, చర్మంలోని కొవ్వు పదార్థాలు స్ట్రెప్టోలైసిన్‌ను అణచేస్తాయి. గజ్జి ఎక్కువగా ఉండే పల్లెలకు యాంటీ-డీఎన్ఏస్ బి (స్ట్రెప్ వదిలే మరో పదార్థానికి ఎదురుగా పుట్టే యాంటీబాడీ) హద్దు కూడా కావాలి. అది వచ్చే పాఠం. దానికోసం ప్రతి సీరంలో సగం ఇప్పుడే రెండో వయల్‌లో పోసి, నంబరు రాసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకండి.